ఉబుంటులో తెలుగు కీబోర్డ్ అన్ని లాగిన్‌లకూ రావాలంటే: నా అనుభవం

తిరుపతి బైరాగిపట్టెడలో మా డీటీపీ షాపు. ఒకే ఉబుంటు (లినక్స్) సిస్టమ్ మీద ఒక్కొక్కరం ఒక్కో లాగిన్‌తో పనిచేస్తాం. సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ అమరిక) పెడితే నా లాగిన్‌లోనే వచ్చేది, మిగతావాళ్లకు ఇంగ్లిషే. పెళ్లిపత్రికల సీజన్‌లో ఇదొక టెన్షన్.

రీస్టార్ట్, లాంగ్వేజ్ ప్యాక్, ఈటీసీ/డిఫాల్ట్‌లోని కీబోర్డ్ ఫైల్ మార్చడం, ఏదీ కుదరలేదు.

గ్నోమ్ (ఉబుంటులో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్) సెట్టింగ్స్‌లో మార్చింది ఆ యూజర్ సొంత డీకాన్ఫ్ డేటాబేస్‌లోకే, అంటే సెట్టింగ్స్ దాచే చోటికే, వెళ్తుంది. అందరికీ కావాలంటే విడిగా రాయాలి. ఈ ఫైళ్ల పనంతా సుడోతో (అడ్మిన్ అధికారంతో), ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో.

ముందు ఈటీసీ/డీకాన్ఫ్/ప్రొఫైల్ ఫోల్డర్‌లో 'యూజర్' అనే ఫైల్. అందులో రెండు లైన్లు, ఇదే వరుసలో:
యూజర్-డీబీ:యూజర్
సిస్టమ్-డీబీ:లోకల్

తర్వాత ఈటీసీ/డీకాన్ఫ్/డీబీ/లోకల్.డీ ఫోల్డర్‌లో '00-కీబోర్డ్' ఫైల్ (ఫోల్డర్ లేకపోతే మనమే చేసుకోవాలి):
[ఆర్గ్/గ్నోమ్/డెస్క్‌టాప్/ఇన్‌పుట్-సోర్సెస్]
సోర్సెస్=[('ఎక్స్‌కేబీ','యూఎస్'),('ఎక్స్‌కేబీ','ఇన్+టెల్')]

ఆపైన టెర్మినల్‌లో 'సుడో డీకాన్ఫ్ అప్‌డేట్'. ఇది కొట్టకపోతే రాసిందేదీ అమల్లోకి రాదు.

అసలు కిటుకు చివర్లో ఉంది. పాత లాగిన్‌లలో ముందే ఏదో ఒక కీబోర్డ్ ఎంచుకుని ఉంటారు, ఆ సొంత విలువే గెలుస్తుంది. అందుకే ప్రతి ఒక్కరి లాగిన్‌లో, సుడో లేకుండా, 'జీసెట్టింగ్స్ రీసెట్ ఆర్గ్.గ్నోమ్.డెస్క్‌టాప్.ఇన్‌పుట్-సోర్సెస్ సోర్సెస్' కొట్టించి, లాగవుట్ చేయించాను. మళ్లీ లాగిన్ అవగానే పైన కీబోర్డ్ మెనూలో తెలుగు కనిపించింది. ఎంత హాయిగా అనిపించిందో!

ఇది గ్నోమ్ డెస్క్‌టాప్‌కే. కేడీఈ అనే వేరే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు పనిచేయదు. ఐబస్ అనే టైపింగ్ సాధనంతో ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లకు ఆ సోర్సెస్ లైన్ వేరేగా ఉంటుంది, అది నేను ప్రయత్నించలేదు.