వేరేవాళ్ల పేపర్లోని బొమ్మను థీసిస్‌లో పెట్టుకోవాలంటే ఎలా?

గ్రాఫ్‌ను కాపీ చేసి అతికించడం, కింద రిఫరెన్స్ నంబరు వేయడం, అంతటితో అయిపోయిందనుకోవడం. ఏ థీసిస్ తెరిచినా ఇదే తంతు. రిఫరెన్స్ ఇస్తే అది మీది కాదని ఒప్పుకున్నట్టు, అంతే. వాడుకునే హక్కు విడిగా సంపాదించుకోవాలి.

1. ముందు ఆ పేపర్‌ను జర్నల్ సైట్‌లోనే తెరవండి. సెర్చ్‌లో దొరికిన బొమ్మలు, ఎవరివో స్లైడ్లు వద్దు. డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు కోడ్) ఉంటే నిమిషం పని.

2. లైసెన్స్ చూడండి. మొదటి పేజీ అడుగునో, పేపర్ చివరనో ఉంటుంది. సీసీ బై (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి) అయితే పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. దానికి తోడు ఎన్‌సీ (నాన్ కమర్షియల్) ఉంటే వ్యాపారానికి పనికిరాదు, రేపు థీసిస్‌ను పుస్తకంగా అమ్మాలనుకుంటే చిక్కే. ఎన్‌డీ (నో డెరివేటివ్స్) ఉంటే మార్చిన బొమ్మను ప్రచురించకూడదు, అందులోని మాటల్ని అనువదించి పెట్టినా మార్చినట్టే. ఏ లైసెన్సూ కనిపించకపోతే ఉచితంగా చదువుకోనిచ్చారని మాత్రమే అర్థం. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసినవాళ్లకు దానంతటదే వస్తుంది.

3. ఇప్పుడు బొమ్మ కింది క్యాప్షన్ మొత్తం చదవండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. పేపర్ మీద సీసీ బై అని పెద్దగా ఉంటుంది. మూడో బొమ్మ కింద మాత్రం చిన్న అక్షరాల్లో ‘ఫలానా ప్రచురణకర్త అనుమతితో’ అని ఉంటుంది. ఆ అనుమతి ఆ రచయితలకు ఇచ్చింది, మీకు కాదు. పేపర్ లైసెన్స్ ఆ బొమ్మకు వర్తించదు.

సమీక్షా వ్యాసాల్లో (రివ్యూ పేపర్లలో) ఈ బెడద మరీ ఎక్కువ. వాటిలో చాలా బొమ్మలు అరువు తెచ్చినవే! క్యాప్షన్లో ‘ఆధారంగా’ అన్న మాట కనిపించినా, ఒట్టి రిఫరెన్స్ నంబరే ఉన్నా ఆగండి. ఆ నంబరు పట్టుకుని మూల పేపర్‌కు వెళ్లండి. అక్కడా అదే బొమ్మ ఉంటే అక్కడి లైసెన్సే చెల్లుతుంది. అదీ ఇంకో పేపర్‌ను చూపిస్తే అక్కడికీ వెళ్లాలి. విసుగే, కానీ దగ్గరదారి లేదు. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు కదా అని ధీమాగా ఉంటారు కొందరు. అది వాక్యాల్ని పోల్చి చూస్తుంది, బొమ్మకు అనుమతి ఉందో లేదో దానికేం తెలుసు?

అంకెలు దొరికితే గ్రాఫ్ మళ్లీ మీరే గీసుకోవాలి. నా లెక్కలో ఇదే మొదటి దారి, అనుమతి అడగడం రెండోది. వాస్తవాలకూ అంకెలకూ కాపీరైట్ ఉండదు, గీసిన తీరుకు ఉంటుంది. అసలు బొమ్మ మీద ట్రేసింగ్ చేసి రంగులు మార్చడం మళ్లీ గీయడం కిందకి రాదు. అంకెలు ఎక్కడివో మాత్రం చెప్పాల్సిందే.

4. గీయడం కుదరకపోతే అనుమతి అడగండి. పేపర్ పేజీలో మామూలుగా ‘పర్మిషన్స్’ లింకు ఉంటుంది. రచయిత మెయిల్లో ‘వాడుకోండి’ అన్నా అన్నిసార్లూ సరిపోదు, చాలామంది హక్కుల్ని ప్రచురణకర్తకు రాసిచ్చేసి ఉంటారు. మీ సొంత పాత పేపర్లకూ ఇదే చిక్కు. థీసిస్ యూనివర్సిటీ రిపాజిటరీలో ఆన్‌లైన్‌లో ఉంటుందని అడిగేటప్పుడే రాయండి. ముద్రణకు మాత్రమే అనుమతి తెచ్చుకుని తర్వాత టెన్షన్ పడేవాళ్లు బోలెడుమంది.

5. క్యాప్షన్ రాయండి: రచయితల పేర్లు, డీఓఐ లింకు, లైసెన్స్ పేరు, దాని లింకు, మీరు చేసిన మార్పు. ‘సీసీ బై 4.0, అక్షాల పేర్లు తెలుగులోకి మార్చాం’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ఇదంతా బొమ్మ కిందే ఉండాలి, చివరి పేజీల్లో దాచకూడదు. అనుమతి పత్రాల్ని బొమ్మ నంబరుతో పీడీఎఫ్‌లుగా ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.