పరీక్షకు ముందు ఘాతాంకాల జాగ్రత్తలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదువుకుంటూ బోర్డు పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లలు భౌతిక, రసాయన శాస్త్రాల లెక్కలు మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోవాలి.

మొదట ఘాతాంకం (10⁵లో 10 పైన చిన్నగా రాసే 5 లాంటి సంఖ్య) గుర్తు చూడండి. ఎలక్ట్రాన్ ఆవేశ పరిమాణం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. ఆ చిన్న ఋణ గుర్తు జారిపోతే జవాబు 10³⁸ రెట్లు మారిపోతుంది, పద్ధతి ఎంత సరిగ్గా ఉన్నా ఫలితం దక్కదు.

కూడే ముందు, తీసివేసే ముందు ఘాతాంకాలను సమానం చేయండి. గుణకారంలో ఘాతాంకాలను కలిపే అలవాటు ఇక్కడికి పాకడం వల్లనే 3 × 10⁵, 2 × 10⁴ల మొత్తాన్ని 5 × 10⁹ అని రాసేస్తారు. రెండవ సంఖ్యను 0.2 × 10⁵గా మార్చి కూడితే సరైన జవాబు 3.2 × 10⁵ వస్తుంది.

ప్రమాణం మార్చేటప్పుడు వర్గాన్ని, ఘనాన్ని మరవకండి. ఒక సెంటీమీటరు 10⁻² మీటర్లే అయినా, చదరపు సెంటీమీటరు 10⁻⁴ చదరపు మీటర్లు, ఘనపు సెంటీమీటరు 10⁻⁶ ఘనపు మీటర్లు అవుతాయి. మంచి విద్యార్థులు కూడా ఎక్కువగా తడబడేది ఇక్కడేనని నా అభిప్రాయం.

లక్ష అంటే 10⁵, మిలియన్ అంటే 10⁶, కోటి అంటే 10⁷. సూర్యుడి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. మీటర్లలో అది 1.5 × 10¹¹.

చివరి జవాబులో గుణకం (3.2 × 10⁵లో ముందుండే 3.2 లాంటి సంఖ్య) 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, 10కి లోపే ఉండాలి. 36 × 10⁴ను 3.6 × 10⁵గా రాయాలి.