గుడి దూరమైనా, ఇంట్లో జబ్బున్నా: పనిలోనే ప్రార్థన నిలుపుకునే పద్ధతి

మా పుట్టిల్లు సాలూరు. 1880ల్లో జర్మనీ నుంచి బ్రెక్లుమ్ మిషన్ వాళ్ళు వచ్చి లూథరన్ పని మొదలుపెట్టిన ఊరు. పెళ్ళయి పలాస వచ్చాను. ఈ శ్రీకాకుళం వైపు ఎక్కువగా కెనడా బాప్తిస్టు మిషన్ నాటిన సంఘాలే. వాళ్ళు నన్ను సొంత మనిషిలా చూసుకుంటారు, ఆదివారం వాళ్ళతోనే ఆరాధనకు కూర్చుంటాను. కానీ చిన్నప్పుడు నేర్చుకున్న లూథరన్ పద్ధతిని మాత్రం ఇంట్లో నేనే నిలుపుకోవాలి. మా ఆయనకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలిసిస్ నడుస్తోంది. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తాను. ఇలాంటి సంసారాలు ఈదుతున్న అక్కచెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా, తెల్లవారుజామునే లేచి గంటసేపు మోకరించకపోతే భక్తి లేనట్టే అన్న టెన్షన్ వదిలేయండి. మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ గారు 1529లో రాసిన చిన్న కేటకిజంలో, అంటే విశ్వాస పాఠాల ప్రశ్నోత్తరాల పుస్తకంలో, ఉదయం ప్రార్థన ఎంతో తెలుసా? తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాన సిలువ గుర్తు వేసుకోవడం, విశ్వాస ప్రమాణం, "పరలోకమందున్న మా తండ్రీ" అనే పరలోక ప్రార్థన, ఇంకో చిన్న ప్రార్థన. ఆ తర్వాత సంతోషంగా పనిలోకి వెళ్ళమన్నారు. రాత్రి కూడా అంతే, ప్రార్థన అయ్యాక వెంటనే నిశ్చింతగా పడుకోమన్నారు. నిద్రపోవడాన్ని కూడా విశ్వాసంలో భాగం చేసిన ఆ మాటంటే నాకు ప్రాణం. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి, బిల్లులు, బస్సు చార్జీలు బుర్రలో తిరుగుతుంటే, "నా శరీరం, నా ప్రాణం, నాకున్నవన్నీ నీ చేతుల్లో పెడుతున్నాను తండ్రీ" అని కళ్ళు మూసుకుంటాను.

పొద్దున మొహం కడుక్కునేటప్పుడు మొదలుపెట్టండి. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని "నాకు బాప్తిస్మం అయింది, నేను దేవుని బిడ్డను" అనుకోండి. మనలోని పాత మనిషి ప్రతిరోజూ పశ్చాత్తాపంతో ఆ నీళ్ళలో మునిగి చావాలని, కొత్త మనిషి లేవాలని అదే కేటకిజం చెబుతుంది. నిన్న అత్తగారి మీద కసురుకున్నారా? అక్కడే ఒప్పుకోండి, క్షమించమని అడగండి, పొయ్యి వెలిగించండి.

ఇక కంఠస్థం. చేతులు ఖాళీ లేని ఆడవాళ్ళకు దీన్ని మించిన దారి లేదు. ఫ్యాక్టరీలో బైబిలు తెరిచే వీలుండదు. గింజ కొట్టే దగ్గరైతే జీడి నూనె తగిలి వేళ్ళు నల్లబడి పొక్కులొస్తాయి. పొట్టు తీసే దగ్గర పప్పు విరిగిందంటే రేటు పడిపోతుంది కాబట్టి చూపు తిప్పుకోలేం. పెదవులు మాత్రం ఖాళీ. వారానికి ఒక్క వచనం చాలు. చీటీ మీద రాసి మూకుడు పక్కన గోడకు అంటించండి, వండుతున్నంతసేపూ పైకి చదవండి. శనివారానికి నోటికి వచ్చేస్తుంది. కొత్తలో నా పక్కన కూర్చునే వదిన "ఏటే, ఒక్కర్తివే గొణుక్కుంటన్నావు?" అనేది. ఇప్పుడు నేను సగం అంటే మిగతా సగం తనే అందుకుంటుంది.

ఓదార్పు వచనాలే కాకుండా ఏడుపు కీర్తనలు కూడా నేర్చుకోండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా వైపు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు "దేవునికి స్తోత్రం" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అలాంటి రోజు దేవుడి ముందు ఏడవడానికి బైబిలే మనకు మాటలిచ్చింది. ఏమీ అనలేని రోజు పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పండి. మీ మనసు తడిగా ఉందా ఎండిపోయిందా అని పరీక్షించుకోకండి. దేవుడి మాట మన మూడ్‌ను బట్టి నిలబడదు.

పిడికెడు బియ్యం ఆచారం మీ ఇంట్లో ఆగిపోయి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి. అన్నానికి బియ్యం కొలిచాక ఒక పిడికెడు తీసి మూతున్న డబ్బాలో వేయండి, పురుగు పట్టకుండా నాలుగు వేపాకులు పడేయండి. డబ్బా నిండితే సంఘానికో, మంచాన పడ్డ ఇంటికో ఇవ్వండి. లేనివాళ్ళం మనమేం ఇస్తామనుకోవద్దు. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యే అయితే మనిషి లోపల కుంగిపోతుంది, మా ఇంట్లో జబ్బు వచ్చాక నాకు ఇది బాగా తెలిసింది.

స్త్రీల సమాజం ఉన్నచోట, అక్టోబరు 31న, లూథర్ గారు మొదలుపెట్టిన సంఘ సంస్కరణను తలుచుకునే సంస్కరణ దినం నాడు, ఆయన భార్య కాథరీనా గారి గురించి కూడా చెప్పండి. 1523లో కాన్వెంటు నుంచి తప్పించుకుని, 1525లో లూథర్ గారిని పెళ్ళాడింది. పందులు పెంచింది, బీరు కాచింది, ఇంటినిండా ఉన్న విద్యార్థులకు, అతిథులకు వండిపెట్టింది. కూతుళ్ళలో ఎలిజబెత్ పసిపాపగానే పోయింది, మగ్దలేనా 13 ఏళ్ళకు పోయింది. 1546లో భర్త పోయాక యుద్ధం వచ్చి ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. మన ఆడవాళ్ళు ఆమెను ఇట్టే గుర్తుపడతారు.

చివరగా, జబ్బు ఉన్న ఇంటికి వెళ్ళేటప్పుడు. "ఏ పాపం అడ్డుందో" అనే మాట గుమ్మం బయటే వదిలేయండి. వాక్యం చిన్నది చదవండి, ప్రార్థన క్లుప్తంగా చేయండి. డయాలిసిస్ మనిషికి కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు పట్టుకెళ్ళకండి, వాటిలో పొటాషియం ఎక్కువ, ప్రాణం మీదికి వస్తుంది. మనది కొబ్బరి సీమ కాబట్టి అందరూ ప్రేమగా బొండాలే తెస్తారు. దానికి బదులు డయాలిసిస్ నడిచే ఆ నాలుగు గంటలూ మంచం పక్కన మీరు కూర్చోండి. ఆ ఇంటి ఇల్లాలిని రేషన్ తెచ్చుకోమనండి, లేదా పోయి కాసేపు పడుకోమనండి.