డీజిల్ లైన్ పాఠాలు – 4: బాంజో బోల్టులు మార్చడం

పోయిన పాఠంలో ఫీడ్ పంప్ (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంప్) ముందు లోపల కనిపించే గొట్టం ముక్క వేసి బుడగలు చూడమన్నాను కదా. బుడగలు కనిపించినవాళ్లు ఇవాళ్టి పని మొదలుపెట్టకండి, ముందు ఆ గాలి ఎక్కడ దూరుతోందో వెతకండి. బుడగలు లేవు, ఫిల్టర్లు కొత్తవే, అయినా లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఆగి ఆగి లాగుతోందంటే అప్పుడు ఫిట్టింగుల వైపు చూడాలి, అంటే గొట్టాల చివర ఉండే బాంజో బోల్టుల వైపు. వీటికి నడుమ, పక్కల బెజ్జాలుంటాయి, డీజిల్ బోల్టు లోపలి నుంచే పారుతుంది. అది కూడా కొలిచాకే. ఫిల్టర్‌కీ పెద్ద పంప్‌కీ (నాజిళ్లకు డీజిల్ కొట్టేది) మధ్య మూడు దారుల 'T' జాయింట్ వేసి ఒత్తిడి గేజ్ పెట్టండి. లోడు లేకుండా రేజ్ చేసినప్పుడు ఒత్తిడి బాగానే ఉండి, లోడ్ పడగానే ముల్లు కిందకి జారిపోతే పని ఉన్నట్టు. జారకపోతే మీ డబ్బు మిగిలింది.

ఈ పాఠం ఇన్‌లైన్ పంప్ (సిలిండర్‌కి ఒకటి చొప్పున ప్లంజర్లు, అంటే డీజిల్ తోసే కడ్డీలు, వరసగా ఉండే పెద్ద పంప్) ఉన్న లారీలకే. కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ పైపు ఉండే) బండి అయితే ఇక్కడే ఆగిపోండి. ఇన్‌లైన్ బండిలో కూడా పంప్ నుంచి నాజిళ్లకు వెళ్లే సన్న స్టీలు పైపుల జోలికి పోవద్దు. ఇంజిన్ తిరుగుతుండగా వాటి లీకు చేత్తో వెతకొద్దు, ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది.

ఇప్పుడు అసలు బోల్టు. నా ముందు బల్ల మీద 14 మి.మీ. బాంజో బోల్టు ఒకటి ఉంది, 19 నంబర్ స్పానర్‌ది. నడుమ 5 మి.మీ. బెజ్జం, పక్కల 3.5 మి.మీ.వి రెండు. ఆ రెండు బెజ్జాల వైశాల్యం కలిపితే సుమారు 19 చదరపు మి.మీ. దీనికి తగిలించే గొట్టం లోపలి వ్యాసం 8 మి.మీ., అంటే 50 చదరపు మి.మీ. అంటే 50లో వచ్చిన డీజిల్ 19లో దూరాలి, పైగా లోపలే ఒక్కసారిగా పక్కకి తిరగాలి. ట్యాంకు నుంచి పంప్ దాకా ఇలాంటివి ఐదారు ఉంటాయి. అందుకే గొట్టం ఒక్కటీ పెద్దది వేసి బోల్టులు పాతవే ఉంచితే పెద్దగా తేడా రాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఫీడ్ పంప్ పీల్చే వైపు. అక్కడ డీజిల్‌ని తోసేది బయటి గాలి ఒత్తిడి మాత్రమే, మహా అయితే 1 బార్. పంప్ తోసే వైపు కాస్త అడ్డం ఉన్నా నడిచిపోతుంది కానీ పీల్చే వైపు నడవదు.

బోల్టు బెజ్జాన్ని డ్రిల్లుతో పెద్దది చేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. వద్దు. గోడ పలచబడి, బిగించేటప్పుడు మెడ దగ్గర తెగుతుంది, తెగిన ముక్క పంప్ బాడీలో ఉండిపోతుంది. దాని బదులు ఒక వైపు అదే మర ఉండి, మరో వైపు గొట్టం తొడిగే నేరు అడాప్టర్ కొనండి. మర కొలవకుండా కొనొద్దు, పాత బోల్టు జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి. మలుపు తప్పనిసరైతే చుట్టు తిరిగే బెండు తీసుకోండి, మూల మడిచిన ఎల్బో కాదు. గొట్టం డీజిల్‌కి పనికొచ్చేదే, 10 మి.మీ.ది. 8 నుంచి 10కి వెళ్తే గొట్టంలో ఒత్తిడి నష్టం సగానికన్నా తక్కువకు పడిపోతుంది.

విప్పేముందు చుట్టూ ఉన్న మట్టిని డీజిల్, బ్రష్‌తో కడగండి. విప్పగానే నోళ్లకు మూతలు పెట్టండి. బనియన్ వేస్ట్ కుక్కితే పీచు లోపలికి పోతుంది. టెఫ్లాన్ టేప్ కూడా అంతే, చుట్టొద్దు. అడాప్టర్ కింద కొత్త కాపర్ వాషర్ గానీ డౌటీ వాషర్ (లోపలి అంచుకి రబ్బరు అతికిన లోహపు వాషర్) గానీ వేయండి. పాత కాపర్ వాషర్ ఒకసారి నలిగి గట్టిపడి ఉంటుంది, మళ్లీ సరిగా కూర్చోదు. పీల్చే వైపు అది చుక్క కూడా కార్చదు, గాలి మాత్రం లాగుతూ ఉంటుంది, మీరేమో లీకు లేదనుకుంటారు.

ఇక నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక బండికి కనిపించిన బాంజో బోల్టులన్నీ ఊడబీకి నేరు ఫిట్టింగులు వేశాను. సెల్ఫ్ కొడితే స్టార్ట్ కావడానికే చాలాసేపు పట్టింది, మారేడుమిల్లి ఘాట్‌లో అంతకుముందు కన్నా అధ్వానంగా లాగింది. డ్రైవరు ఫోన్‌లో అన్న మాటలు ఇక్కడ రాయను. కారణం ఏంటంటే, పంప్ నుంచి ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ దగ్గర ఉన్నది మామూలు బోల్టు కాదు, ఓవర్‌ఫ్లో వాల్వ్. చూడ్డానికి అచ్చం బాంజో బోల్టే, కానీ లోపల స్ప్రింగు, గోళీ ఉంటాయి. పంప్ లోపల డీజిల్ ఒత్తిడి నిలబెట్టేది అదే. దాన్ని తీసేస్తే డీజిల్ అంతా హాయిగా ట్యాంకుకి వెళ్లిపోతుంది. కాబట్టి రిటర్న్ బోల్టు మీద ముందే పెయింటు చుక్క పెట్టుకోండి.

పవర్ పెరుగుతుందా అని అడుగుతారు. పెరగదు. నాజిల్‌కి ఎంత వెళ్లాలో కొలిచేది పంప్ ప్లంజర్లు. ఆ కొలత నిండడానికి చాలినంత డీజిల్ అందించడమే మన పని.

బిగించాక బండి స్టార్ట్ చేయకండి. లైనంతా ఇప్పుడు గాలే. హ్యాండ్ ప్రైమర్‌తో (చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపుతో) ఎయిర్ తీయడం 5వ పాఠం. అప్పటికి 19 నంబర్ స్పానర్ ఒకటి, ఒక ఖాళీ డబ్బా, రెండు కాపర్ వాషర్లు అదనంగా దగ్గర పెట్టుకోండి.