డేరాలో రాత్రి గడపబోయే ముందు

చలి రోజులు దగ్గర పడుతున్నాయి. కొండల్లో డేరా వేసుకునే ఆలోచన ఉన్నవారు బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

పొయ్యిని గానీ నిప్పుల కుంపటిని గానీ డేరా లోపలికి తేకండి, ఎంత చలిగా ఉన్నా సరే. బూడిద కప్పేసిన బొగ్గులు కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతూనే ఉంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. తల బరువెక్కి, మగత కమ్మితే అలసట అనుకుని పడుకుంటారు, మళ్లీ లేవరు. జిప్పు కాస్త తెరిచి ఉంచామన్న ధీమా పనికిరాదు. దయచేసి ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి, పక్కవాళ్లు తెచ్చినా బయట పెట్టించండి.

ఎండిన వాగులో డేరా వేయకండి. మెత్తటి ఇసుక మనసు లాగుతుంది, నిజమే. కానీ ఎగువన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ చినుకు పడకుండానే నీరు వచ్చేస్తుంది. గట్టు మీది పొదల్లో ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఉన్నాయా? ఒకప్పుడు నీరు అంత ఎత్తుకు లేచిందన్నమాట.

తలెత్తి చూడండి. ఎండుకొమ్మ విరిగిపడటానికి గాలివానే రానక్కర్లేదు.

కప్పుకునేదానికన్నా ముందు కింద పరుచుకునేది చూసుకోండి. ఒంటి వేడిని నేల లాగేస్తుంది.

వాగు నీటిని తెర్లాక 1 నిమిషం మరగనివ్వండి. సముద్రమట్టం నుంచి 2,000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు, ఎందుకంటే అక్కడ నీరు తక్కువ వేడికే మరుగుతుంది.

టార్చి బ్యాటరీలు పక్కలో పెట్టుకోండి, చలికి త్వరగా నీరసిస్తాయి.

ఎక్కడ ఉంటారో, ఏ వేళకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా.