పవర్ బీఐ రిపోర్ట్‌లో రెండు టైమ్‌ల మధ్య తేడా పక్కాగా తీయడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఉన్న మనవాళ్లు చాలామంది టికెట్ (కస్టమర్ పెట్టిన కంప్లైంట్) ఎన్ని గంటల్లో క్లోజ్ అయిందో చెప్పే రిపోర్ట్‌ని పవర్ బీఐలో (డేటాతో రిపోర్ట్‌లు చేసే మైక్రోసాఫ్ట్ టూల్) చేసి పంపాల్సి ఉంటుంది, అందులో గంటల కాలమ్ తప్పొచ్చిందంటే నైట్ షిఫ్ట్‌లో కూర్చుని పని చేసినోళ్ల మీదకి మాటొస్తుంది, అందుకే ఈ లెక్క జాగ్రత్తగా వేయాలి.

ముందు రెండు టైమ్‌ల తేడా చెప్పే డేట్‌డిఫ్ (DATEDIFF) ఫంక్షన్ ఏం లెక్కపెడుతుందో అర్థం చేసుకోండి. అవర్ అని అడిగితే అది ఎంతసేపు గడిచిందో చూడదు, గడియారంలో గంట అంకె ఎన్నిసార్లు మారిందో చూస్తుంది. 10:59కి ఓపెనై 11:01కి క్లోజైన టికెట్‌కి 1 గంట అంటుంది, 10:01కి ఓపెనై 10:59కి క్లోజైన దానికి 0 అంటుంది. రెండు నిమిషాల పనికి గంట, 58 నిమిషాల పనికి సున్నా, ఇదెక్కడి న్యాయం చెప్పండి! డే, మంత్, ఇయర్ అడిగినా ఇదే వరస. డేటాబేస్‌లలో చూస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ డేట్‌డిఫ్ కూడా ఇంతే, మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్‌డిఫ్ మాత్రం పూర్తిగా నిండిన గంటలే లెక్కేస్తుంది, కాబట్టి ఒకే డేటాకి రెండుచోట్ల రెండు నంబర్లు రావొచ్చు.

ఇప్పుడు పని మొదలెడదాం. పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటాని సరిచేసుకునే చోటు) ఓపెన్ టైమ్, క్లోజ్ టైమ్ రెండు కాలమ్‌లూ డేట్/టైమ్ టైప్‌లో ఉన్నాయా చూడండి. టెక్స్ట్‌గా ఉంటే మార్చేటప్పుడు లొకేల్ (ఏ దేశం తేదీ పద్ధతో) కూడా ఎంచుకోండి, లేకపోతే 03/04 అనేది మార్చి 4 అవుతుందో ఏప్రిల్ 3 అవుతుందో మీ చేతుల్లో ఉండదు.

తర్వాత పవర్ క్వెరీ నుంచి బయటికొచ్చి, రిపోర్ట్ వైపు పెట్టే కొత్త కాలమ్‌లో డేట్‌డిఫ్‌ని సెకండ్‌తో అడిగి, వచ్చినదాన్ని 3600తో భాగించండి, దశాంశాలతో సహా గంటలు వచ్చేస్తాయి. అసలు కిటుకంతా ఇదే, పెద్ద యూనిట్‌ని నేరుగా అడగొద్దు. క్లోజ్‌లోంచి ఓపెన్ తీసేసి 24తో గుణించినా కరెక్టే, ఎందుకంటే లోపల డేట్‌లన్నీ రోజుల సంఖ్యలే.

ఇంకా క్లోజ్ కాని టికెట్‌లకి మాత్రం ముందే ఇఫ్ (IF) షరతు పెట్టి ఖాళీగా వదిలేయండి. ఖాళీ క్లోజ్ టైమ్‌ని తీసివేతలో వాడితే దాన్ని సున్నా అనుకుంటుంది, అంటే 1899 డిసెంబర్ 30, ఇక ఏవో లక్షల మైనస్ గంటలొచ్చి యావరేజ్ మొత్తం పాడైపోతుంది.

పవర్ క్వెరీలోనే తేడా తీసేవాళ్లు డ్యూరేషన్ డాట్ అవర్స్ వాడకండి, 26 గంటల 30 నిమిషాలుంటే అది రోజుని పక్కనపెట్టి 2 ఇస్తుంది. డ్యూరేషన్ డాట్ టోటల్ అవర్స్ అయితే 26.5 ఇస్తుంది. అలాగే గంటలు-నిమిషాల రూపంలోకి టెక్స్ట్‌గా మార్చడం అన్నిటికంటే చివర్లో పెట్టుకోండి, యావరేజ్‌లు నంబర్ మీదే తీయాలి.

టైమ్ జోన్ సంగతి అందరూ మర్చిపోతారు. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో ఇప్పటి టైమ్ చెప్పే నౌ ఫంక్షన్ మీ ల్యాప్‌టాప్ టైమ్ ఇస్తుంది, పబ్లిష్ చేశాక ఆన్‌లైన్ సర్వీస్‌లో అదే ఫంక్షన్ యూటీసీ (ప్రపంచమంతా కొలమానంగా వాడే టైమ్) ఇస్తుంది, మన టైమ్ దానికంటే 5:30 ముందు కాబట్టి ఓపెన్ టికెట్ వయసు ఐదున్నర గంటలు తగ్గిపోతుంది. యూటీసీలో ఇప్పటి టైమ్ ఇచ్చే యూటీసీనౌ ఫంక్షన్ వాడి దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే రెండుచోట్లా ఒకటే వస్తుంది. క్లయింట్ అమెరికావాళ్లయితే మార్చిలో, నవంబర్‌లో వాళ్ల గడియారం గంట మారుతుంది, న్యూయార్క్‌తో మనకి ఎండాకాలం తొమ్మిదిన్నర, చలికాలం పదిన్నర గంటల తేడా, అందుకే రెండు టైమ్‌లనీ యూటీసీలోకి మార్చాకే తీసివేయండి.

పంపేముందు నాలుగు వరసల చిన్న టేబుల్‌తో చెక్ చేయండి: 10:59 నుంచి 11:01కి 0.03 రావాలి, రాత్రి 23:50 నుంచి మర్నాడు 00:10కి 0.33, 26 గంటల 30 నిమిషాల దానికి 26.5, క్లోజ్ లేనిదానికి ఖాళీ.