పాత కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? ఫార్మాట్ చేయించే ముందు ఇవి చూడండి

పదేళ్లు దాటిన అసెంబుల్డ్ కంప్యూటర్లు మన ఇళ్లలో ఇంకా చాలానే నడుస్తున్నాయి. ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. ఇంటి లెక్కలకు, పిల్లల చదువుకు, టైపింగ్ పనికి ఇవి ఇప్పటికీ సరిపోతాయి. వీటితో పెద్ద చిక్కల్లా చెప్పాపెట్టకుండా ఆగిపోవడమే. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు గంటలో నాలుగుసార్లు రీస్టార్ట్ అవుతుంది. షాపుకు మోసుకెళితే అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చక్కగా పనిచేస్తుంది.

చాలామంది ఇక్కడే ఫార్మాట్ చేయించేస్తారు. దయచేసి ముందే ఆ పని చేయకండి. పాత కంప్యూటర్ ఇలా ఆగుతుంటే విండోస్ కన్నా ముందు అనుమానించాల్సినవి నాలుగున్నాయి: వేడి, కరెంటు, ర్యామ్, హార్డ్‌డిస్కు. వీటిలో ఏది చెడినా ఫార్మాట్‌తో బాగుపడదు. హార్డ్‌డిస్కే చివరి దశలో ఉంటే ఫొటోలు, కాగితాలు కూడా పోతాయి. కాబట్టి కంప్యూటర్ ఎంతోకొంత పనిచేస్తున్నప్పుడే ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో వేరే డిస్కులోకో కాపీ చేసుకోండి. మిగతా పని దాని తర్వాతే.

ఇంకో నియమం కూడా పెట్టుకోండి: ఒకసారికి ఒక్క మార్పే. ర్యామ్ తుడిచి, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చి, విండోస్ కొత్తగా వేసి, అన్నీ ఒకే రోజు చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. రోజుకు రెండుసార్లు ఆగే కంప్యూటరైతే ఒక్కో మార్పు తర్వాత రెండు రోజులు చూస్తే చాలు. వారానికోసారి ఆగేదైతే మూడు వారాలు చూడాలి.

1. ఎలా ఆగుతోందో రాసుకోండి

ఒక కాగితం పక్కన పెట్టుకుని ఆగిన టైము, అప్పుడు ఏ పని చేస్తున్నారు, ఆన్ చేసి ఎంతసేపైంది అన్నవి రాయండి. నాలుగైదుసార్లు రాసేసరికే ఒక దారి కనిపిస్తుంది.

లైటు ఆర్పినట్టు టక్కున ఆగిపోయి, వెంటనే ఆన్ చేస్తే కాసేపటికే మళ్లీ ఆగి, పావుగంట చల్లారనిస్తే ఎక్కువసేపు నడుస్తోందంటే అది వేడి. టక్కున ఆగి, గోడ దగ్గర స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తప్ప పవర్ బటన్‌కు పలకడం లేదంటే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి లాక్ అయిందన్నమాట. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడో, కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినప్పుడో ఆగుతుంటే యూపీఎస్‌ను చూడాలి.

తెర అలాగే బిగుసుకుపోతే క్యాప్స్ లాక్ నొక్కి కీబోర్డు మీది లైటు చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉంది. డిస్కు బదులు చెప్పకపోవడమో, గ్రాఫిక్స్ ఆగిపోవడమో అయివుండొచ్చు. లైటు కూడా కదలకపోతే మెషీన్ మొత్తం నిలిచిపోయినట్టే. అప్పుడు ర్యామ్, మదర్‌బోర్డు, కరెంటు వైపు చూడాలి.

షాపులో బాగా పనిచేసి ఇంట్లో ఆగడం కూడా ఒక ఆధారమే. అక్కడి కరెంటు వేరు, గది చల్లదనం వేరు, దారిలో కుదుపులకు వదులైన ర్యామ్ సర్దుకుని కూడా ఉండొచ్చు.

2. విండోస్ ఏం రాసి పెట్టిందో చూడండి

విండోస్ తప్పుతో ఆగినప్పుడు వచ్చే నీలి తెర, అంటే బ్లూ స్క్రీన్ వచ్చినా చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంటుంది. దీన్ని ఆపాలంటే దిస్ పీసీ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరవండి. స్టార్టప్ అండ్ రికవరీ కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేయండి. ఇకపై బ్లూ స్క్రీన్ అలాగే నిలబడుతుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిస్తే ఎర్ర గుర్తులతో చాలా కనిపిస్తాయి. అన్నింటికీ కంగారు పడక్కర్లేదు. కెర్నల్ పవర్ 41 అనే ఎంట్రీ చూసి కరెంటు లోపమే అని చాలామంది తేల్చేస్తారు. అది నిజం కాదు. కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. దాని మీద క్లిక్ చేసి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ తప్పు నంబరు) చూడండి. అది 0 అయితే విండోస్‌కు తప్పు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఆ దారి వేడి, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ వైపు. డిస్క్ పేరుతో 7వ నంబరు ఎంట్రీ ఉంటే హార్డ్‌డిస్కు మీద బ్యాడ్ బ్లాక్ (చదవలేని చోటు) ఉన్నట్టు. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ ఎంట్రీలు కనిపిస్తే ప్రాసెసర్, మదర్‌బోర్డు లాంటి హార్డ్‌వేర్ నుంచే తప్పు వచ్చిందని తెలుసుకోండి.

బ్లూ స్క్రీన్ మీది పేరు కూడా దారి చూపుతుంది. మెమరీ మేనేజ్‌మెంట్ అంటే ముందు ర్యామ్. కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అంటే హార్డ్‌డిస్కు లేదా దాని కేబుల్. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు. ఆగిన ప్రతిసారీ వేరే పేరు వస్తుంటే ర్యామ్ మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

రిలయబిలిటీ హిస్టరీ అని వెతికితే రోజుల వారీ పట్టిక వస్తుంది. మొదటి ఎర్ర గుర్తు పడ్డ రోజే కొత్త డ్రైవరో, యాంటీవైరసో వేసి ఉంటే ముందు దాన్ని తీసేసి చూడండి.

3. దుమ్ము, వేడి

మే నెలలో రామగుండం, రెంటచింతల వైపు పగటి వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. గదిలోనే 38 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. చలికాలంలో ఏ ఇబ్బందీ లేకుండా ఎండాకాలంలోనే ఆగే కంప్యూటర్‌కు మొదటి మందు శుభ్రం చేయడమే. వంటింటి పక్కన పెట్టిన వాటిలో తాలింపు నూనె ఆవిరి దుమ్ముతో కలిసి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య జిగురులా పట్టేస్తుంది. అది గాలి ఊదితే పోదు, బ్రష్ కావాలి.

హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, పని ఎక్కువైనప్పుడు 80 లోపు ఉంటే ఫరవాలేదు. 95 దాటి 100 దగ్గరకు పోతుంటే ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది.

శుభ్రం చేసే ముందు ప్లగ్గు తీసేసి పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని చేతిలోని స్టాటిక్ వదిలించుకోండి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

తర్వాత కూలర్ (హీట్‌సింక్, ఫ్యాన్ కలిసినది) నాలుగు మూలలా ఉన్న నల్ల ప్లాస్టిక్ పిన్నులను జాగ్రత్తగా చూడండి. ఇంటెల్‌తో వచ్చే కూలర్లలో ఎక్కువ తిప్పలు వీటితోనే. నాలుగింటిలో ఒక్కటి లేచినా కూలర్ ఒకవైపు ఒరుగుతుంది. కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, ఫ్యానూ తిరుగుతుంటుంది, కానీ ప్రాసెసర్‌కు హీట్‌సింక్ పూర్తిగా ఆనదు. వేలితో మెల్లగా కదిపితే ఆ మూల ఊగుతుంది.

ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని దాటించే పేస్టు మార్చాలంటే ఇలా చేయండి. ఒక్కో పిన్నునూ దాని మీది బాణం దిశలో పావు వంతు తిప్పి పైకి లాగి కూలర్ తీయండి. ఎండిపోయిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడవండి. ప్రాసెసర్ మధ్యలో బియ్యపు గింజకు కాస్త పెద్దగా కొత్త పేస్టు పెట్టండి. పూయక్కర్లేదు, కూలర్ బరువుకు అదే పరుచుకుంటుంది. పిన్నులను వెనక్కి తిప్పి యథాస్థానానికి తెచ్చి, ఎదురెదురు మూలల్లో ఉన్న రెంటిని కలిపి టక్కుమని వినిపించేదాకా నొక్కండి, తర్వాత మిగతా రెండు. ఫ్యాన్ వైరు మళ్లీ పెట్టడం మరిచిపోవద్దు.

పాత ఏఎండీ ప్రాసెసర్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఎండిన పేస్టు అతుక్కుపోయి కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు నడిపి వెచ్చబడ్డాక ఆపి, కూలర్‌ను ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పుతూ తీయాలి.

4. ర్యామ్

ర్యామ్ స్టిక్కు రెండు చివర్లా ఉన్న క్లిప్పులు తెరిచి బయటికి తీయండి. అడుగున వరసగా ఉన్న బంగారు రంగు పిన్నుల మీద నల్లటి మచ్చలు కనిపిస్తే పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టును స్టిక్కు మీద గాని, స్లాటులో గాని మిగల్చొద్దు. చివరగా ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, రెండు క్లిప్పులూ వాటంతటవే మూసుకునేదాకా నొక్కి పెట్టండి.

రెండు స్టిక్కులుంటే ఒకటి తీసేసి రెండు రోజులు నడపండి, తర్వాత రెండోదాన్ని అదే స్లాటులో పెట్టి నడపండి. రెండూ అదే స్లాటులో తప్పు చూపి, వేరే స్లాటులో బాగుంటే చెడింది ర్యామ్ కాదు, స్లాటు.

విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ చిన్నచిన్న తప్పులను వదిలేస్తుంది. మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి దానితో బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఎర్ర వరస ఒక్కటి కనిపించినా ఆ స్టిక్కును నమ్మొద్దు. ఒక్క తప్పే కదా అని ఊరుకుంటే అది ఏదో ఒక రోజు మీ ఫైళ్లలోకే వెళ్లి రాసుకుంటుంది.

5. కరెంటు, యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్

ముందు ఖర్చు లేని పరీక్ష: యూపీఎస్ తప్పించి కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి రెండు రోజులు నడపండి. ఆగడం తగ్గితే దోషం యూపీఎస్‌దే. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. కరెంటు ఉన్నంతసేపు ఏమీ తెలియదు, బ్యాటరీ మీదకు మారే క్షణంలోనే ఆగిపోతుంది. బ్యాటరీ మారిస్తే చాలు.

ఎస్‌ఎంపీఎస్‌కు మల్టీమీటర్ కావాలి. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, కంప్యూటర్ పని చేస్తుండగా ఖాళీగా వేలాడే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో చూడండి. నల్ల వైరుకూ పసుపు వైరుకూ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, నల్లకూ ఎరుపుకూ మధ్య 4.75 నుంచి 5.25 ఉండాలి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. వీడియో ఆడిస్తూ పని పెంచినప్పుడు 12 కాస్తా 11.4 కిందికి జారితే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. విప్పి బాగుచేయించే ప్రయత్నం మాత్రం వద్దు. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టుల దాకా డీసీగా మారి కెపాసిటర్‌లో నిలిచి ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొట్టగలదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే సాకెట్‌కు ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది ముందు సరిచేయించండి. కంప్యూటర్ సంగతి అలా ఉంచితే, ఇంట్లో మనుషుల కోసమే ఇది అవసరం.

6. హార్డ్‌డిస్కు

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. 05, సీ5, సీ6 వరసల్లో చివరి సంఖ్య అన్నీ సున్నాలు కాకపోయినా, వారం వారం పెరుగుతున్నా డిస్కు పోతోందని అర్థం. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్కు కన్నా ముందు దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి. డిస్కు అనుమానంగా ఉన్నప్పుడు డేటా కాపీ చేయకుండా చెక్ డిస్క్ నడపొద్దు. గంటల తరబడి చదివించే ఆ ఒత్తిడికే అది పూర్తిగా కూలిపోవచ్చు.

7. చివరికి విండోస్

విండోస్‌దా హార్డ్‌వేర్‌దా అని తేల్చడానికి మంచి పరీక్ష ఒకటుంది. విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ రకాలైన ఉబుంటు లేదా లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీంచే ఒక రోజు నడపండి. అందులోనూ ఆగితే విండోస్ తప్పు లేదు. అందులో ఆగకపోతే డ్రైవర్లు సరిచూసి, అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్ నడపండి. అప్పటికీ మారకపోతే ఫార్మాట్‌కు వేళైనట్టు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఆ సమయంలో లినక్స్ సంగతి కూడా ఆలోచించండి.

గడియారం ప్రతిసారీ పాత తేదీకి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. మార్చాక బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి వెళ్తాయి. అందులో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతే విండోస్ బూట్ కాకుండా బ్లూ స్క్రీన్ ఇస్తుంది. బ్యాటరీ తీసే ముందే బయాస్‌లోని ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగుతుంటే మదర్‌బోర్డు మీద, ప్రాసెసర్ చుట్టూ ఉన్న గుండ్రటి కెపాసిటర్లను టార్చి వేసి చూడండి. పైభాగం రూపాయి బిళ్లలా చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా బోర్డు పని అయిపోవచ్చింది. చిప్ లెవెల్ పని తెలిసినవాళ్లు కెపాసిటర్లు మార్చగలరు. వాళ్లు అడిగే డబ్బు, అదే రకం వాడిన బోర్డు ధరలో సగం దాటితే బోర్డే మార్చుకోండి. ర్యామ్, ప్రాసెసర్, డిస్కు అదే రకం బోర్డులో యథాతథంగా పనికొస్తాయి.